అద్దానికి కళాయి

మా అమ్మ లక్ష్మీకాంతానికి ఏదైనా ఒకసారి అర్థమైతే చాలు, ఆ అర్థాన్ని బ్రహ్మదేవుడు దిగివచ్చినా మార్చలేడు. అమెరికాలో, శాన్ రామన్‌లోని మా ఇంటికి వచ్చిన వారంలోనే నా ఉద్యోగం ఆమెకు అర్థమైపోయింది.

"ల్యాబ్‌లో తగరం కరిగించి, బొట్లుబొట్లుగా వదిలి లేజర్‌తో కొడతామమ్మా," అన్నాను.

"కళాయి పోస్తారన్నమాట," అంది. తెనాలిలో ఇత్తడి గిన్నెలకు తగరం పూత వేయిస్తుంటే దగ్గర కూర్చుని చూసుకునే మనిషి. పూత సరిగ్గా పట్టని గిన్నెలో పులుసు కాచేది కాదు.

కాదమ్మా అని విసుక్కున్నాను. దెబ్బకు బొట్టు ఆవిరై వెలుగు వస్తుంది, చిప్‌ల తయారీకి ఆ వెలుగు కావాలి, దాన్ని ఒకచోటికి చేర్చడానికి అద్దం ఉంటుంది అని చెప్పాను.

"అయితే అద్దానికి కళాయి," అంది.

ఇక గుడిలో కనబడిన ప్రతివాళ్ళతోనూ "మా నీహారిక లేజర్‌తో కళాయి వేస్తుంది" అని గొప్పగా చెప్పేది. నాకు తల కొట్టేసినట్టుండేది.

నిజానికి ఆ కళాయే మా కొంప ముంచుతోంది. చెదిరిన తగరం తుంపర్లు అద్దానికి అంటుకుని మసకబారుస్తున్నాయి. ఇంకో అద్దం పాడైతే ప్రాజెక్ట్ ఆపేస్తామని మేనేజర్ చెప్పేశాడు. నా ఆలోచన ఒకటే మిగిలింది. ముందు చిన్న దెబ్బతో బొట్టును అట్టులా పలచగా పరిచి, వెంటనే పెద్ద దెబ్బ కొట్టాలి. అప్పుడు మొత్తం ఆవిరైపోతుంది, తుంపర్లు మిగలవు. కొత్త అద్దం పెట్టి అలాగే నడిపి చూస్తున్నాం.

అమ్మకు ఇదంతా చెప్పలేదు. "శుక్రవారం మెషీన్ ఓపెన్ చేసి అద్దం చూస్తారు. తేడా వస్తే జాబ్ పోతుంది," అన్నానంతే. ఆ వారమంతా అమ్మ గుడిలో నా ఊసెత్తలేదు. దిష్టి తగులుతుందట.

శుక్రవారం అద్దం తీశారు. తళతళలాడుతోంది. సంతోషం పట్టలేక ఇంటికొచ్చి, అమ్మ భాషలోనే చెబుదామని, గుమ్మంలోంచే అన్నాను.

"అమ్మా, అద్దానికి కళాయి పట్టలేదు."

అమ్మ ముఖం వాడిపోయింది. స్టవ్ ఆపేసి వచ్చి నా బ్యాగ్ అందుకుంది.

"పోనీలే తల్లీ. పోతే ఉద్యోగమేగా. నీ చేతి పని నాకు తెలీదా ఏంటి? ఆ తగరంలోనే సీసం కలిపి ఉంటారు," అంటూ నా తల నిమిరింది.

నవ్వబోయాను, ఏడుపొచ్చింది. ఇన్ని నెలల్లో తప్పు నాది కాదని అన్న మనిషి ఈమె ఒక్కతే. ఉద్యోగం ఉందని చెప్పడానికి కాస్త ఆలస్యం చేశాను, చెబితే ఆ చెయ్యి తీసేస్తుందని.