సెలవడిగి లేచే ఆట

నా రిటైర్మెంటుకు ముందటి ఏడు, కంది కోతలప్పుడు, మా హైదరాబాద్ స్టూడియో నన్ను నారాయణఖేడ్‌కు పంపింది. పోచమ్మ కథను ఫోన్‌లో ఆడే గేమ్‌గా మార్చాలి. నేను లీడ్ డిజైనర్‌ని. అంటే ఆటలో ఎవరు ఎప్పుడు ఏం చేయొచ్చో తేల్చేదాన్ని. బొమ్మలేసేవాళ్ళూ కోడ్ రాసేవాళ్ళూ ఆ తర్వాతే పనిలో దిగుతారు.

ఆ కథ పాడేది ఈరన్న. కంగ్టి వైపు ఊళ్ళన్నీ తిరిగి పాడినవాడు. మేళంలో మిగతావాళ్ళు కూలికి పట్నం పోయారు. ఆయనకేమో గొంతులో గడ్డ లేచింది. ఆపరేషనయ్యాక మాట రావచ్చు గానీ పాట రాదని దవాఖానలో చెప్పేశారు. ఆలోపే కథంతా రికార్డు కావాలి. ఖేడ్‌లో అద్దె గదిలోకి బయటి చప్పుడు రాకుండా గోడలకు పరుపులు కట్టి పని మొదలుపెట్టాం. ఆయన చాయ్ తాగడానికి ఆగినా నాకు కాళ్ళ కింద నిప్పులు పోసినట్టే ఉండేది.

సగం కథ అయ్యాక, అప్పటికి తయారైన ఆటను ఊరివాళ్ళతో ఆడించి చూశాం. మా పనిలో దాన్ని టెస్టింగ్ అంటారు. కంగ్టి బస్టాండు హోటల్లో ఒకామె ఆడుతోంది. ఆటలో అమ్మవారు పొలిమేరకొచ్చింది, ఫోన్‌లో ఈరన్న పాట ఎత్తుకున్నాడు. ఇంతలో బస్సొచ్చింది. ఆమె ఎగ్జిట్ నొక్కి ఉరికింది. పాట పుటుక్కున తెగింది.

పక్కనే ఉన్న ఈరన్న మొహం మాడిపోయింది. "ఏందిది? అమ్మను పిలిచి పొలిమేర కాడ నిలవెట్టి పోతరా? ఇగ నా గొంతు అండ్ల ఉండొద్దు, తీసెయ్‌రి," అన్నాడు. మర్నాడు రికార్డింగుకు రాలేదు.

వాళ్ళింటికే పోయాను. నాకూ ఒళ్ళు మండుతోంది. "తెల్లారేదాంక కథ చెప్తవు గదా ఈరన్నా, నడుమ బువ్వకు లేవవా?" అని నిలదీశాను.

"లేస్తం చెల్లె. ఊకెనే లేస్తమా? 'ఈడనే కూసో తల్లీ, మళ్ల వస్తం' అని సెలవడిగి లేస్తం."

"ఓరి దేవుడా, గదే పాడరాదు మరి!"

పాడాడు. ఎగ్జిట్ నొక్కితే ముందు ఆ పాట వినిపించి, తర్వాతే ఆట మూసుకునేలా పెట్టాను. మళ్ళీ తెరిస్తే అమ్మవారు కూర్చున్న చోటి నుంచే కథ. గడువులు చూసే ప్రొడ్యూసర్, అంటే నా పై అధికారి, మండిపడ్డాడు. ఆలస్యమైతే జనం తిడతారట, పాటను దాటేసే బటన్ పెట్టాలట. దాటేసే బటన్ పెడితే ఈరన్న గొంతుండదు, గొంతు లేకుంటే ఆటే ఉండదని తెగేసి చెప్పాను. గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

ఈరన్న మిగతా సగం పాడి ఆపరేషన్‌కు పోయాడు. కోలుకున్నాక అదే హోటల్లో ఫోన్ చేతికిచ్చాను. కాసేపు ఆడి ఎగ్జిట్ నొక్కాడు. తన పాట మొదలవగానే పెదవులు కదిపాడు, గొంతు రాలేదు. పాట అయ్యేదాకా ఫోన్ కింద పెట్టలేదు.

ఆడేవాళ్ళను లేవకుండా కూర్చోబెట్టడమే మా విద్య అని ఉద్యోగమంతా అనుకున్నాను. కథను ఆటలోకి తెచ్చేటప్పుడు, దాన్ని నడుమ ఆపే పద్ధతిని కూడా వెంట తెచ్చుకోవాలని ఖేడ్‌లో నేర్చుకున్నాను.