టైరు లోపలి అంచు

నా తమ్ముడు కారు కొన్న రోజు అమ్మ దానికి టెంకాయ కొట్టింది. నేను భయపడటం మొదలుపెట్టాను. అది నాకు కొత్త కాదు. నాన్న బాగేపల్లి దగ్గర స్కూటర్ మీద పోతూ లారీ కింద పడి పోయినప్పటినుంచీ చక్రాలున్న ప్రతిదాని మీదా నాకు అనుమానమే. అప్పటికి తమ్ముడు హైస్కూల్లో ఉన్నాడు. నేను చదువు ముగించి, చింతామణిలో మా విత్తనాల అంగట్లో నాన్న కుర్చీలో కూర్చున్నాను. ఇంట్లో భయపడాల్సిన పనంతా కూడా నా వాటాకే వచ్చింది. అమ్మ అంతా దేవుడి మీద వేసేసింది. తమ్ముడికి భయపడే గుణమే లేదు.

కారు ఎవరో వాడుకొని అమ్మిందే. నాలుగు తలుపులు, వెనక డిక్కీ, చూడటానికి సంసారుల బండే. ఇంజన్ మాత్రం పందేలకు పనికొచ్చేదట. వాడు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, వారం వారం దాన్ని వేసుకొని ఇంటికొచ్చేవాడు. వచ్చి కాళ్ళు కడుక్కోకముందే, ఇంటర్నెట్‌లో కారు పిచ్చోళ్ళు రాసుకున్న సంగతులన్నీ నాకు అప్పజెప్పేవాడు. స్ప్రింగులు మార్చి పొట్టివి వేయిస్తే కారు కిందికి దిగుతుందట, మలుపుల్లో ఒరగదట, రోడ్డును కరుచుకొని పోతుందట. ఒరిగేంత వేగంగా మలుపు తిరగడం దేనికని నేనడిగితే, నాతో మాట్లాడి లాభం లేదన్నట్టు నవ్వేవాడు.

ఒక ఆదివారం నన్ను వాకిట్లోకి పిలిచి, ముందు చక్రానికీ దానిపైన రేకుకూ మధ్య సందులో చెయ్యి పెట్టమన్నాడు. నాలుగు వేళ్ళు ఒకదాని మీద ఒకటిగా పట్టాయి. వాళ్ళ కొలత అదేనట. ఒక రకం స్ప్రింగులు ఆ సందును మూడు వేళ్ళకు తెస్తాయి, ఇంకో రకం రెండు వేళ్ళకు. ఏవి తీసుకోవాలో నన్ను ఎంచమన్నాడు. మధ్యలో నలిగేది నా వేళ్ళే అన్నట్టు నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. నాలుగూ ఉండనీ అన్నాను. వాడు రెండు వేళ్ళవి వేయించాడు.

వాడు అజాగ్రత్త మనిషని మాత్రం నేననను. స్ప్రింగులు వేయించే ముందు, మంచి మెషీనున్న చోటికి పోయి చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో చూపించి, అలైన్‌మెంట్ సరిచేయించి, ఆ తరువాతే వేయించాడు. తలంటి పోసుకొని ఆనక నూనె రాసుకున్నట్టు. అది తలకిందుల పని అని మాకెవరికీ తెలియలేదు. పని వరసగా చేశానని వాడికి ధీమా. ఎప్పుడు ఏమడిగినా అలైన్‌మెంట్ అయిపోయింది కదా అనేవాడు.

కొత్త స్ప్రింగులతో కారు వాకిట్లో చతికిలబడినట్టు కనిపించింది. బండికి కాళ్ళు విరిగాయా అని అమ్మ అడిగింది. శిడ్లఘట్ట రోడ్డులో ఊరికొక స్పీడుబ్రేకరు హంపు, ఒక్కదానికీ రంగు ఉండదు. ప్రతి హంపు మీదా కారు అడుగు గర్రుమని గీసుకునేది. కానీ వాడి ముఖం చూడాలి. నాన్న పోయాక వాడు మా ముందు ఏడవలేదు, నిండుగా నవ్వనూ లేదు. స్టీరింగు ముందు కూర్చుంటే మాత్రం ఆ ముఖం విప్పారేది, చిన్నప్పటి ముఖం తిరిగొచ్చేది. ఒంటి చేత్తో నడిపేవాడు. అందుకే ఆ కారును అమ్మెయ్యమని నోటిదాకా వచ్చిన మాటను చాలాసార్లు మింగేశాను.

నేను కూర్చునేది ఎడమవైపు. కొద్ది వారాలకు ఆ వైపు రోడ్డు అంచు మెల్లగా నా దగ్గరికి వస్తున్నట్టు అనిపించసాగింది. చింతచెట్ల మొదళ్ళకు కొట్టిన సున్నం, మోరీ గోడ, సైకిల్ మీద పాలక్యాన్లు, అన్నీ దగ్గరికి వచ్చి, మళ్ళీ దూరం జరిగేవి. వాడి చెయ్యి వాడికి తెలియకుండానే స్టీరింగును కుడికి సర్దుతూ ఉండేది. బండి పక్కకు లాగుతోందని చెప్పాను. రోడ్డే అట్లా వాలుగా ఉందన్నాడు.

"నీకు చావు తప్ప ఏమీ కనబడదా అక్కా?" అన్నాడు, నవ్వుతూనే.

నిజమే, కనబడేది కాదు. వాడు రావడం ఆలస్యమైతే ఒక చావు, ఫోను ఎత్తకపోతే ఇంకో చావు. ఆ మాట నిజం కాబట్టే నాకు కోపం వచ్చింది. అప్పటినుంచి వాడికి చెప్పడం మానేసి, ఆదివారం పొద్దున్నే వాకిలి ఊడ్చినాక, వాడు లేవకముందే చక్రం పైన సందులో చెయ్యి పెట్టి చూడటం మొదలుపెట్టాను. ఏం తెలుసుకోవాలనో నాకే తెలియదు. జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురు మాటిమాటికీ తాకినట్టు తాకేదాన్ని. స్ప్రింగులు ఇంకా కుదురుకుంటున్నట్టున్నాయి, ఎడమవైపు రెండో వేలు బిగుతైంది.

బాగేపల్లిలో మా మేనమామ మనవడికి నామకరణం. అమ్మ పట్టుచీర కట్టుకొని, పండ్ల తట్ట ఒళ్ళో పెట్టుకొని వెనక సీట్లో కూర్చుంది. తమ్ముడు లోపల చొక్కా వేసుకుంటున్నాడు. చిక్కబళ్ళాపురం మీదుగా హైవేలో పోతే తొందరగా పోవచ్చని రాత్రే చెప్పాడు. హైవేను అప్పుడు వెడల్పు చేస్తున్నారు, అయిపోయిన చోట్ల వాహనాలు ఈలవేస్తూ పోయేవి. నాన్న పోయింది ఆ దారిలోనే. నేను ఎక్కబోతూ ఆగి, ఎడమ చక్రం దగ్గర వంగి చెయ్యి పెట్టాను. ఆ రోజు కంగారులో చెయ్యి సందు దాటి టైరు వెనకవైపుకు జారింది. వేలికి ఏదో సూదిలా దిగింది. చెయ్యి తీసి చూస్తే రక్తం.

వాడు వచ్చి, టైరు కొత్తదానిలాగే ఉండాది కదా అన్నాడు. బయటినుంచి అట్లాగే ఉంది, గాడులు లోతుగా, నల్లగా. లోపలి అంచు చూడమన్నాను. విసుక్కుంటూ, వేసుకున్న కొత్త చొక్కాతోనే నేలమీద పడుకొని, మొబైలు వెలుగు వేసి చూశాడు. అక్కడ రబ్బరు లేదు. నున్నగా అరిగిపోయి, చిరిగిపోయి, లోపలి తీగలు పైకి లేచి ఉన్నాయి. పాకుతూ అటువైపుకు పోయి కుడి టైరూ చూశాడు. లేచి నిలబడినప్పుడు వాడి ముఖంలో నెత్తురు లేదు.

"నిన్న దేవనహళ్ళి దాటినాక నూట నలభైలో వచ్చినానక్కా" అన్నాడు.

కారుకు ఆనుకోవడానికి కూడా నాకు చెయ్యి రాలేదు. ఏళ్ళ తరబడి ఊహించుకొని భయపడిందంతా ఒక ఎత్తు, వేలికి తగిలింది ఒక ఎత్తు. ఏమైందో తెలియక అమ్మ వెనక సీట్లోంచి వేళ మించిపోతోందని తొందరపెడుతోంది.

అమ్మను చేళూరు మీదుగా బాగేపల్లికి పోయే బస్సు ఎక్కించాం. కారును నడక వేగంతో మా వీధి చివరి టైర్ల అంగడికి తీసుకుపోయి ముందు రెండూ మార్పించాం. కొత్తవి వేసినంత మాత్రాన చాలదు, బండి వాటినీ అట్లాగే తినేస్తుంది, మెషీను మీద ఎక్కించండని అంగడాయన అన్నాడు. ఆ రోజుల్లో చింతామణిలో చక్రాల తీరు దారం కట్టి చూసేవాళ్ళే. చిక్కబళ్ళాపురంలో కంప్యూటరు మెషీను వచ్చిందని అక్కడికే బయలుదేరాం. హంపు కనబడితే వాడు అరమైలు ముందే నెమ్మదించేవాడు. నేను రోడ్డు అంచును చూడటం మాని వాడినే చూశాను.

మెషీను మీద అంకెలన్నీ ఎర్రగా వచ్చాయి. అక్కడి మనిషికి ఓపిక తక్కువ. కారు కిందికి దిగితే చక్రాల తలలు లోపలికి వాలతాయి, ముందువైపు మూతులు బయటికి తిరుగుతాయి, లోపలి అంచే అరుగుతుంది, దించినాక చూపించాల్సింది ముందే చూపిస్తే ఏం లాభమని కన్నడలో కసిరాడు. మూతులు సరిచేశాడు. వాలు మాత్రం ఈ స్ప్రింగులున్నంతవరకూ పూర్తిగా పోదన్నాడు. ఇక తిన్నగా పోతుంది, హైవేలో చేతులు వదిలి చూసుకోండి అన్నాడు.

బాగేపల్లి వైపు హైవేలో బండి తిన్నగానే పోయింది. చేతులు మాత్రం వాడు వదల్లేదు. పేరేసంద్ర దాటినా రెండు చేతులతో స్టీరింగును పట్టుకొని, రోడ్డు అంచునే నడుపుతున్నాడు. వెనక లారీలు హారన్ కొట్టి, పక్కనుంచి గాలి విసిరి పోతున్నాయి. ప్రతి లారీకీ వాడి భుజాలు బిగుసుకుంటున్నాయి. కొంత దూరం పోయాక కారును పక్కకు ఆపాడు.

"నాకు భయమైతాంది అక్కా" అన్నాడు. "నాయన పోయింది ఇంగొంచెం ముందరే కదా."

వాడి నోట ఆ మాట రావాలని నేనెంత కోరుకున్నానో నాకే తెలుసు. వాడికి భయం వస్తే బతుకుతాడనుకున్నాను. వచ్చిన భయం నా కళ్ళముందే వాడి ముఖాన్ని ముసలిది చేసింది. ఆ చిన్నప్పటి ముఖం మళ్ళీ కనబడుతుందో లేదో అని నాకు ఏడుపొచ్చింది. అయినా, రేపు మళ్ళీ చెయ్యి పెట్టాల్సి వచ్చినా పెడతాను, తీగ గుచ్చుకుంటే చూపిస్తాను.

నాకు కారు నడపడం రాదు. అక్కడే కూర్చుంటే నామకరణం అందదు, పైగా ఆగిన చోటు మలుపు.

చాలాసేపటికి వాడు బండిని కదిలించాడు, సైకిల్ కంటే కొంచెం ఎక్కువ వేగంతో. వెనక ఒక బస్సు అదే పనిగా హారన్ కొడుతోంది. ఇంత నెమ్మదిగా పోతే అదే గుద్దేస్తుందని నాకు తోచింది.

"ఇంగొంచెం గట్టిగా తొక్కు నాయనా" అన్నాను. "నేనుండా కదా, తొక్కు."

వాడు తొక్కలేదు. నేను మళ్ళీ చెప్పాను.