ఖాళీ వేదికకు తెర లాగిన పెద్దమ్మ

మా పెద్దమ్మ రోజూ సాయంత్రం నాలుగింటికి రెండు అరచేతులకూ నూనె రాసుకుంటుంది. రాసుకుని పిడికిళ్ళు పదిసార్లు మూసి తెరుస్తుంది. ఆ తర్వాత ఇంట్లో ఏదీ ముట్టుకోదు. తలుపు గడియ కూడా మోచేత్తోనే తీస్తుంది. చేతులు పొడిగా ఉంటే తాడు ఒరుసుకుని తోలు లేచిపోతుందని ఆమె భయం.

ఆమె మునిసిపల్ కళామందిరంలో తెర లాగే మనిషి. ముప్పై నాలుగేళ్ళు అదే ఉద్యోగం. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా కదిపితే, "సాయంత్రం అయిదింటికి నాకు తీరిక ఉండదమ్మా" అని తేల్చేసేది. దర్జీ పని చేసే తమ్ముడితో, అంటే మా మామయ్యతో, కొట్టు వెనక రెండు గదుల్లో ఉంటుంది.

మొదట్లో కళామందిరంలో వారానికి రెండు నాటకాలు ఆడేవారు. తర్వాత కప్పు కారింది. బాగుచేసేదాకా నాటకాలు వద్దన్నారు. రెండేళ్ళకు కప్పయితే బాగుపడింది గానీ, వద్దన్న మాటను వెనక్కి తీసుకోవాలని ఎవరికీ తోచలేదు. అలా పదకొండేళ్ళు గడిచిపోయాయి. ఈలోగా తెర మడతల్లో ఎలుకలు కాపురం పెడుతున్నాయని ఇంకో ఆర్డరు వచ్చింది. రోజూ అయిదింటికి తెర తీయాలి, మూడు నిమిషాలు గాలి ఆడనివ్వాలి, మూసి పుస్తకంలో సంతకం పెట్టాలి. ఈ ఆర్డరు మాత్రం అందరికీ గుర్తుంది. పెద్దమ్మ ఒక్కరోజు నాగా లేకుండా నాలుగు వందల ఖాళీ కుర్చీల ఎదుట తెర తీసి మూసింది. వేదిక మీద ఉండేది ఒక ప్లాస్టిక్ కుర్చీ, దానికి ఆనించిన చీపురు.

మామయ్య నాలుగేళ్ళుగా ఒక నాటకం పట్టుకుని వేలాడుతున్నాడు. తనే రాశాడు. ఇద్దరు అన్నదమ్ములు ఇల్లు పంచుకుంటారు. మెట్లు ఎవరి వాటాలోకీ రావు. పై వాటా అన్న ఇక కిందికి దిగేదెలా అన్నది కథ. అన్న వేషం మామయ్యది, తమ్ముడి వేషం ఒక బస్సు కండక్టరుది. మధ్యాహ్నం కొట్టు మూసి ఉండే రెండు గంటలూ కళామందిరం సైకిల్ స్టాండులో రిహార్సల్స్ చేసేవారు. కండక్టరు కంటతడి పెట్టాల్సిన డైలాగు కూడా లోపలికి జరగండి అన్నట్టే చెప్పేవాడు.

"అక్కా, నువ్వు రిటైరయ్యేలోపు నా నాటకానికి తెర లాగుతావా?" అని మామయ్య నెలకోసారి అడిగేవాడు.

"నేను రోజూ లాగుతూనే ఉన్నానురా. తీస్తే వెనకాల నువ్వే కనిపించట్లేదు."

వెక్కిరింతగా అన్నా, ఆమెకూ ఆ ఒక్క కోరికే మిగిలింది. ఇంకా ఏడాది సర్వీసుంది.

అప్పుడు, ఊళ్ళు చూడ్డానికి బయలుదేరిన భార్యాభర్తలెవరో బాత్రూం వెతుక్కుంటూ కళామందిరంలోకి వచ్చారు. బాత్రూంకి తాళం వేసి ఉంది. కాళ్ళు లాగేస్తుంటే అయిదో వరసలో కూలబడ్డారు. సరిగ్గా అయిదింటికి తెర తెరుచుకుంది. కుర్చీ, చీపురు, మూడు నిమిషాల నిశ్శబ్దం. తెర మూసుకుంది. భర్త కళ్ళు తుడుచుకున్నాడు. భార్య లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

పెద్దమ్మ తెర పక్కనుంచి తల బయటికి పెట్టి, "ఏమైందండీ, ఎలుకేమైనా కనిపించిందా?" అంది.

"ఎంత సాహసం చేశారమ్మా! ఆ చీపురు ఎవరి కోసం ఎదురుచూస్తోందో అని నాకు ఊపిరాడలేదు" అన్నాడాయన.

"ఊడ్చేవాళ్ళ కోసమండీ. అదీ నేనే."

ఆ మాటకు ఆయన మళ్ళీ కళ్ళు తుడుచుకున్నాడు.

వాళ్ళు ఇంటికెళ్లి ఇంటర్నెట్‌లో రెండు పేజీలు రాశారు. మరుసటి వారం ముప్పై మంది వచ్చారు. నెల తిరిగేసరికి గేటు దాకా క్యూ.

నగరపాలక సంస్థలో కళలు, సంస్కృతి, పర్యాటకం అని ఒక విభాగం ఉన్నట్టు అప్పుడే బయటపడింది. జనన మరణాల సర్టిఫికెట్లిచ్చే గదిలో మూలనున్న టేబులే ఆ విభాగం. దానికి ఒక్కరే అధికారి. ఆయన ఇన్నాళ్ళూ పక్క టేబులు వాళ్ళ రబ్బరు స్టాంపులు ఆరబెట్టి పెడుతుండేవాడు. ఇప్పుడు టేపు, కెమెరా పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, మీరు చేస్తున్నది గొప్ప కళ."

"తెరకు గాలి ఆడిస్తున్నాను సార్."

"అబ్బ! ఆ వినయం కూడా బ్రోషర్లో వేయిద్దాం."

ఇక ఆదరణ మొదలైంది. ప్రతి మలుపులోనూ 'ఖాళీ వేదికకు దారి' అని బాణం గుర్తుల బోర్డులు వెలిశాయి. వేదిక మీదికి కొత్త లైట్లు వచ్చాయి. కుర్చీకి ఒకటో నంబరు, చీపురుకు రెండో నంబరు వేసి, వారసత్వ వస్తువులని చీటీ కట్టారు. దాంతో ఊడ్చుకోవడానికి పెద్దమ్మ ఇంటి నుంచి వేరే చీపురు తెచ్చుకుంది. మర్నాడే ఊడవడం కూడా మానమన్నారు. వేదిక మీది దుమ్ము సహజ స్థితిలో ఉండాలట. పదకొండేళ్ళు ఖాళీ హాలును భరించిన పెద్దమ్మ ఆ దుమ్మును మాత్రం భరించలేకపోయింది. దాన్ని చూసినప్పుడల్లా ఆమెకు చేతులు దురద పెట్టేవి.

ఒకసారి ఎవరో మూడు నిమిషాల మధ్యలో లేచి ఫోన్ మాట్లాడారు. అధికారి వెంటనే ఒక రూలు రాసి గోడకు కొట్టించాడు. తెర తీసింది మొదలు మూసేదాకా హాల్లో ఎవరూ లేవరాదు, మాట్లాడరాదు, చేతులు ఊపరాదు. అధికారులకు కూడా మినహాయింపు లేదు. చివరి వాక్యం ఆయనకు ఎంతో నచ్చి, దాని కింద గీత కూడా గీయించాడు.

మామయ్య కూడా ఆశపడి దరఖాస్తు పట్టుకెళ్ళాడు.

"మాకు సన్మానాలొద్దు సార్. ఒక తేదీ, ఆ లైట్లు, బాత్రూం తాళం. ఈ మూడూ ఇస్తే చాలు."

"మూడూ మూడు వేరే విభాగాలు. అయినా ఆ వేదిక మీద రోజూ ప్రదర్శన నడుస్తోంది కదయ్యా!"

"అక్కడెవరూ లేరు కదా సార్?"

"అదే ప్రదర్శన. నువ్వెక్కితే అది చెడిపోతుంది."

"ఊళ్ళో నాటకాలాడేవాళ్ళు ఎక్కడికి పోవాలండీ?"

"మీలాంటి స్థానిక కళాకారుల్ని ప్రోత్సహించడమే మా ధ్యేయం," అని అధికారి మామయ్య భుజం తట్టి, ఖాళీ వేదిక బొమ్మ ఉన్న క్యాలెండరు ఒకటి చేతిలో పెట్టి పంపించాడు.

మామయ్య క్యాలెండరు తెచ్చి అక్క ముందు పడేశాడు. "నీ మీద ఇంత ప్రేమున్నవాళ్ళు నీ తమ్ముడి మీద కాస్తయినా చూపించరేమే?"

"నేను ఖాళీని చూపిస్తున్నానురా. నువ్వు మనుషుల్ని చూపిస్తానంటున్నావు. ఎవరికి నచ్చుతుంది?"

ఏడాది అలాగే కరిగింది. పెద్దమ్మ రిటైరైన మర్నాటి నుంచి తెరకు మోటారు పెడతామన్నారు. మూడు నిమిషాలకు దానంతటదే మూసేసే మోటారు. అంటే ఆ వేదిక మీదికి ఇక ఏ మనిషీ ఎక్కలేడు. ఆ సంగతి తెలిసిన సాయంత్రం పెద్దమ్మ సంతకాల పుస్తకంలో పాత ఆర్డరు కాగితాన్ని వెతికి తీసింది. రోజుకొకసారి తీయాలి, మూయాలి, మూడు నిమిషాలకు తగ్గకుండా గాలి ఆడాలి. ఎంతకు మించకూడదో అందులో లేదు.

"ఒరేయ్, ఎల్లుండి కండక్టరును సెలవు పెట్టమను," అంది తమ్ముడితో.

ఆ ఎల్లుండే ఆమె ఉద్యోగానికి ఆఖరి రోజు. తమ ఊళ్ళలో కూడా ఖాళీ వేదికలు పెట్టుకోవాలని పక్క నగరాల అధికారులు తొమ్మిది మంది చూడ్డానికి వచ్చారు. మన అధికారి వాళ్ళను ముందు వరసలో కూర్చోబెట్టి, తాను మధ్యలో కూర్చున్నాడు. రూలు పైకి చదివి వినిపించాడు. గీత గీసిన వాక్యం రెండుసార్లు చదివాడు.

అయిదింటికి తెర తెరుచుకుంది. వేదిక తళతళలాడుతోంది. మధ్యాహ్నమే పెద్దమ్మ ఊడ్చింది. కుర్చీ పక్కన మామయ్య నిలబడి ఉన్నాడు. ఎదురుగా కండక్టరు.

"తమ్ముడూ, నేను కిందికి దిగాలి," అన్నాడు మామయ్య.

"దిగు. మెట్లు తొక్కకుండా దిగు," అన్నాడు కండక్టరు.

అధికారి నోరు తెరిచాడు. పక్కనున్న తొమ్మిది మందీ గోడ మీది రూలు వైపు చూశారు. నోరు మూసుకున్నాడు. లేవబోయి కూర్చున్నాడు. ఎత్తిన చేతిని తొడ కింద పెట్టుకున్నాడు. ఇక మిగిలినవి కళ్ళే. వాటితో పెద్దమ్మను కొరుక్కుతినేలా చూశాడు. పెద్దమ్మ రెండు చేతులతో తాడు పట్టుకుని అలాగే నిలబడింది. ఆఖరి రోజైనా తన పింఛను ఆపగలరని ఆమెకు తెలుసు. మూడు నిమిషాలైంది. నాలుగైంది. ఆమె తాడు లాగలేదు.

పది నిమిషాలకు కండక్టరు, "మెట్లు కావాలంటే చిల్లర ఇచ్చి ఎక్కు," అని నాటకంలో లేని మాటొకటి అలవాటుకొద్దీ అనేశాడు. ఎక్కడో ఒకరు నవ్వారు. తర్వాత హాలంతా నవ్వింది. నవ్వరాదని రూల్లో లేదు. ఖాళీని చూసి నవ్వేవాళ్ళుంటారని రూలు రాసేటప్పుడు అధికారి ఊహించలేదు. ఆ నవ్వులు విని బయట బస్టాపులోనివాళ్ళు లోపలికొచ్చి గోడల వెంట నిలబడ్డారు. వాళ్ళ బస్సు వెళ్ళిపోయినా ఎవరూ కదల్లేదు.

నాటకం గంటా పావు నడిచింది. వారసత్వ వస్తువులను ముట్టుకోకూడదు కాబట్టి, అన్న కుర్చీలో కూలబడాల్సిన చోట కూడా మామయ్య నిలబడే ఏడ్చాడు. పెద్దమ్మ తెర మూసింది. అరచేతుల నూనె మోచేతుల దాకా కారింది.

పక్క నగరపు అధికారిణి ఒకావిడ అందరికంటే ముందు నోరు విప్పింది. "ఖాళీ అనుకుని వచ్చాం, ఇదేంటండీ? దీనికి మీ విభాగం ఏం సాయం చేసింది?"

అధికారి వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "ఒక తేదీ… లైట్లు…"

"బాత్రూం తాళం కూడా," అని మామయ్య వేదిక మీదినుంచి చేయి చాపాడు.

గంటా పావు కదలకుండా కూర్చున్న తొమ్మిది మందికీ అప్పుడు అన్నిటికంటే అవసరమైనది అదే. అధికారి జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు. ఆ తర్వాత దాన్ని వెనక్కి అడగలేకపోయాడు.

మర్నాడు ఆయన తన నివేదికలో, ఖాళీని మనుషులతో నింపే ప్రయోగం విభాగం పర్యవేక్షణలో విజయవంతమైందనీ, ఒకటి, రెండు నంబర్ల వస్తువులకు ఏ హానీ జరగలేదనీ రాశాడు. శనివారాలు ఊళ్ళో నాటకాలాడేవాళ్ళకు వదిలారు. మిగతా రోజులు ఖాళీ వేదికే. నాటకం ఎప్పుడు అయిపోతుందో మోటారుకు చెప్పడం ఎవరికీ చేతకాక దాన్ని డబ్బాలోనే ఉంచేశారు. పెద్దమ్మ ఉద్యోగంలోకి కొత్త మనిషిని తీసుకోవాలన్న ఫైలు ఇంకా తిరుగుతోంది. సిబ్బంది కానివాళ్ళు లోపలికి రావాలంటే పాసు ఉండాలి.

పెద్దమ్మకు ఇప్పుడు అరవై ఒకటి. రోజూ సందర్శకుల పాసు మీద లోపలికి వెళ్లి తెర లాగుతుంది.