హెప్సీ తుడిచిన సాయంకాలం

సైలస్ వెదర్డెన్ బొమ్మలు వేస్తాడన్న సంగతి లండన్‌లో చాలామందికి తెలుసు. ఆ బొమ్మలకు ఏళ్ల తరబడి రంగులు నూరిపెట్టింది అతని భార్య హెప్సీ అన్న సంగతి ఎవరికీ తెలీదు. ఆ మహానుభావుడు తెలియనివ్వలేదు. క్లార్కెన్‌వెల్‌లో రంగుల కొట్టువాడి కూతురావిడ. ఏ రంగు ఎన్నాళ్లకు ఆరుతుందో వేలు పెట్టి చెప్పగలదు. "తారు కలిపిన గోధుమ రంగు ఆరదే అమ్మాయ్, ఆరినట్టు నటిస్తుంది" అని తండ్రి ఆవిడకు చిన్నప్పుడే చెప్పాడు.

మొదట్లో సైలస్ మంచి పనివాడే. ఆ మాట ఒప్పుకోవాలి. రోజూ పొద్దున అరచేతి మేర తెల్లరంగు పూసి, తడి ఆరకముందే సన్న కుంచెతో ఆ కాస్తా పూర్తి చేసేవాడు. మర్నాడు ఇంకో అరచేయి. ఆకు ఆకుకీ ఈనెలు, ఈనె ఈనెకీ నీడ. కామ్‌డెన్ టౌన్ ఇంటి పెరట్లో, కోరింద పొద పక్కన కూర్చోబెట్టి ఐదేళ్ల కూతురు లెట్టీని అలాగే వేశాడు. ముఖానికే పదకొండు రోజులు పట్టింది. కదలకుండా కూర్చున్నందుకు రోజుకో అల్లం బిస్కెట్ లంచం. బొమ్మ ముగిసిన మూడో వారంలో జ్వరమొచ్చి పిల్ల పోయింది. ఒక్క ఫోటో అయినా తీయించలేదు. హెప్సీకి మిగిలిన లెట్టీ ఆ బొమ్మలోనే ఉంది. పద్దెనిమిదేళ్లుగా అది ఆవిడ పడకగది గోడకే ఉంది.

తర్వాత సైలస్ మారాడు. పత్రికలో ఎవడో "ఆకులు లెక్కపెట్టే గుమాస్తా" అని రాస్తే నెల్లాళ్లు తిండి సయించలేదు. పేరున్నవాళ్లు చీకటి నీడలు వేస్తున్నారని తనూ తారు రంగు పట్టాడు, పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు. నగర పెద్దల బొజ్జలు, వాటి వెనక పొగ, ఆ పొగ వెనక ఇంకా పొగ. చేతులు కుదరకపోతే నీడలోకి తోసేసేవాడు. జనం దాన్ని గాంభీర్యమన్నారు. హాలండ్ పార్కులో పెద్ద ఇల్లు లేచింది. రంగులు గొట్టాల్లో కొంటున్నాడు కనుక హెప్సీతో పని లేకపోయింది.

ఆ ఏడు వసంత ప్రదర్శనకు పంపడానికి అతని దగ్గర ఒక్క బొమ్మా పూర్తి కాలేదు. హెప్సీ మార్గేట్‌లో అక్క దగ్గర మూడు వారాలుండి, శనివారం తిరిగొచ్చేసరికి పడకగది గోడ బోసిగా ఉంది. గబగబా స్టూడియోకి వెళ్లింది. పెరడంతా గోధుమ రంగు మసక. లెట్టీ ఉన్నచోట ఒక ముద్ద. చట్రం మీద పేరు, 'సాయంకాలం'.

"నా పిల్లని ఏం చేశావయ్యా?"

"బాగుచేశాను. ఆ పాత పని చూస్తే నాకే సిగ్గేస్తోంది."

"ముఖమేదీ?"

"చూసేవాళ్లు ఊహించుకోవాలి. నీకు చెప్పినా తెలీదులే."

"అవునవును, రంగులవాడి కూతుర్ని. నాకేం తెలుస్తుంది!"

"రేపు జనమొస్తారు, ఎల్లుండి బండొస్తుంది. ఆ ఏడుపు మొహం పెట్టుకుని కిందికి రాకు."

అతను వెళ్లాక హెప్సీ ఆ మసక మీద వేలు పెట్టింది. వేలు అంటుకుంది. పైన వార్నీషు కూడా లేదు. ప్రదర్శన గోడకెక్కాకే వార్నీషు వేయడం వాళ్ల ఆచారం.

బొమ్మలు పంపే ముందు ఆదివారం చిత్రకారులందరూ స్టూడియోలు తెరిచిపెడతారు. ఊరి పెద్దమనుషులు బళ్లు కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, కేకులు తిని, బొమ్మలకు వీపు పెట్టి కబుర్లాడుకుని పోతారు. మూడు గంటలకు హెప్సీ చర్చికి వెళ్లే నల్ల పట్టుగౌను వేసుకుని దిగింది. చేతిలో టర్పెంటైన్ సీసా, పాత గుడ్డ. సైలస్ మాంచెస్టర్ మిల్లు యజమాని ఓల్డ్రాయిడ్‌కి సాయంకాలపు వెలుగు గురించి ఉపన్యాసం దంచుతున్నాడు.

"కాస్త జరగండి బాబూ" అని హెప్సీ గుడ్డ తడిపి, ముద్ద మీద పెట్టి తుడిచింది.

"హెప్సీ! మతిపోయిందా? ఆపు!"

"రా, వచ్చి నా చెయ్యి పట్టుకో. కొత్త కోటు కదా, తారు అంటితే వదలదు."

చాచిన చెయ్యి వెనక్కి పోయింది. ఆ చెయ్యిని హెప్సీ చూసింది, ఇక అతని వైపు చూడలేదు.

గోధుమ రంగు గుడ్డకొచ్చేసింది. ముందు కోరింద ఆకులు, తర్వాత చెవి, చెంప. కింద రాయిలా గట్టిపడ్డ పాత పని చెక్కుచెదరలేదు. పెదవి చివర అల్లం బిస్కెట్ పొడి కూడా అలాగే ఉంది. హెప్సీకి ఏడుపొచ్చింది, అయినా చెయ్యి ఆపలేదు.

ఓల్డ్రాయిడ్ కళ్లజోడు సర్దుకుని వంగి చూశాడు. "ఇదెవరి పనమ్మా? ఇలాంటి చెయ్యి నేనెక్కడా చూళ్లేదు."

"అది నా..." అన్నాడు సైలస్.

హెప్సీ గుడ్డ మడిచింది.

"మా ఆయన వేశాడండీ. పాప పోయిన ఏడే ఆయనా పోయాడు."