కొమురెల్లి మూడో విసురు

కొమురెల్లి రిటైరైన రోజు తోటివాళ్లు శాలువా కప్పి, గోడ గడియారం చేతిలో పెట్టారు. ముప్పై తొమ్మిదేళ్లు సైరన్ కూసిన వేళకు లేచి బొగ్గు బాయి దిగిన మనిషికి, ఇక వేళతో పనే లేకుండా పోయిన రోజున గడియారం! ఎవరికి తట్టిందో ఆ ఆలోచన. భార్య సారవ్వ దాన్ని గోడకు తగిలించింది. కొమురెల్లి దాని ఎదురుగా కూర్చుని ముల్లు తిరగడం చూస్తూ గడిపాడు. కొన్నాళ్లకు అందులో సెల్లు అయిపోయింది. ఆ మర్నాడే అతను లేచి, అటక మీద నుంచి తండ్రి విసురు వల దించాడు.

వాళ్లది చేపలు పట్టే ఇల్లు. గోదావరిఖని కాలనీలు దాటాక ఉన్న మొగిలికుంటలో తండ్రి వల వేసేవాడు. బాయిలోంచి తోడిపోసే నీళ్లు కాలువ గుండా ఆ కుంటలోకే వస్తాయి కాబట్టి ఎండాకాలంలోనూ అది ఎండదు. కొమురెల్లికి బాయిలో నౌకరీ వచ్చినప్పుడు చేపలు పట్టేవాళ్ల సంఘం కట్టుబాటు ప్రకారం కుంట మీద హక్కు వదులుకున్నాడు. బాయి మనిషి కుంటలో వల వెయ్యకూడదు. అప్పుడది పెద్ద నష్టంగా తోచలేదు. ఇరవై రెండేళ్ల వయసులో దేన్ని వదులుకుంటున్నామో ఎవడికి తెలుస్తుంది?

ఇప్పుడు మళ్లీ సభ్యత్వం కావాలంటే కొత్త కుర్రాళ్లలాగే పరీక్ష నెగ్గాలి. ఈత కొట్టాలి, చిరిగిన వల అల్లాలి, మూడుసార్లు వల విసరాలి. మూడింట్లో ఒక్కటైనా గుండ్రంగా పరుచుకోవాలి. తప్పితే మళ్లీ మూడేళ్ల దాకా అవకాశం లేదు. కొమురెల్లికి అరవై ఒకటి. బొగ్గు దుమ్ము పట్టిన ఛాతీ మూడేళ్లు ఆగుతుందో లేదో.

రెండు నెలలు ఇంటి ముందు ఖాళీ జాగాలో సాధన చేశాడు. సారవ్వ నేల మీద ముగ్గుపిండితో పెద్ద సున్నా గీసేది. వల ఆ సున్నాను కప్పాలి. రోజూ సగమే కప్పేది. ఒకరోజు ఆమె ముగ్గు చిప్ప పక్కన పెట్టి, నడుము మీద చేతులు వేసుకుంది.

"నెత్తి మీద ఏముందని వంగుతున్నవయ్యా?"

"యాడ వంగిన?"

"గిట్ల." మెడ లోపలికి లాక్కుని చూపించింది. "కోడి గూట్లకు దూరినట్టు."

నిజమే. కొమురెల్లి తొలినాళ్ల నౌకరీ అంతా తట్టలతో బొగ్గెత్తి పట్టాల మీది ఇనుప టబ్బుల్లో నింపడమే. పైకప్పు నడుమెత్తు మీద ఇంకో జానెడు ఉంటే గొప్ప. మొదటి వారమే మరిచిపోయి నిటారుగా లేచాడు. టోపీ పగిలింది గానీ, అది లేకపోతే తలే పగిలేది. ఆ తర్వాత అతనికి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఒళ్లే నేర్చుకుంది. చేతులు భుజాలు దాటి పైకి లేస్తే చాలు, మెడ దానంతటదే వంగుతుంది. వల భుజం మీంచి పోవాల్సిన క్షణంలో వంగుతుంది.

"మీద ఆకాశమే ఉన్నదయ్యా," అంది సారవ్వ.

"నాకెరుకే. మెడకెరుక లేదు."

పరీక్ష రోజు కుంట గట్టు మీద జనం నిండారు. మత్స్యశాఖ నుంచి మైత్రి అనే చిన్న వయసు అధికారి వచ్చింది. సంఘం అధ్యక్షుడు రఘుపతి ఆమె పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ఈతలో కొమురెల్లి చివరివాడిగా వచ్చినా ఒడ్డు చేరాడు. అల్లికలో కుర్రాళ్లందరి కన్నా ముందున్నాడు. వల మిగిలింది.

మోకాటి లోతు నీళ్లలో నిలబడి మొదటిసారి విసిరాడు. మెడ వంగింది. వల మూటలా పడింది. గట్టు మీద నవ్వులు.

"కొమురెల్లి కాకా, గది చేపల కోసమా, బట్టలు జాడిస్తున్నవా?" అన్నాడు రఘుపతి.

రెండోసారి పళ్లు బిగబట్టి, మెడను నిటారుగా ఉంచడం మీదే దృష్టి పెట్టాడు. మెడ నిలబడింది, చేతులు తప్పాయి. పైగా ఎదురుగాలి. వల వెనక్కి మడతపడి అతని మీదే పడింది. తనే చేపలా అందులో చిక్కుకున్నాడు. ఈసారి సారవ్వ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వల విడిపించుకుంటుంటే కొమురెల్లికి కోపం వచ్చింది. రఘుపతి మీద కాదు, మెడ మీద. వంగుతావా? వంగు. ఎంత వంగుతావో వంగు.

వల మడతలు ఎడమ చేతి మీద సర్దుకున్నాడు. నడుము వంచాడు. తలను రెండు భుజాల మధ్యకు దించాడు. నిండు తట్టను తొడ పక్కకు తెచ్చి, ఒక్క మెలికతో టబ్బులోకి తిరగబోసినట్టు, నడుము తిప్పి వదిలాడు. ఎన్ని వేల తట్టలు అలా వదిలాడో. చేతులకు ఆలోచన అక్కర్లేకపోయింది.

వల నీళ్లకు మూరెడెత్తున పోయింది. గాలికి దొరకలేదు. విచ్చుకుంటూ విచ్చుకుంటూ పోయి, అంచున కట్టిన సీసపు గుండ్లన్నీ ఒక్కసారే నీళ్లను తాకాయి. సారవ్వ ముగ్గు అంత గుండ్రం.

గట్టు మీద ఎవరూ నవ్వలేదు.

రఘుపతి లేచాడు. "మేడం, గిది లెక్కకు రాదు. వల భుజం మీదికెల్లి పోవాలె. మా తాతల నుంచి గంతే."

మైత్రి కాగితం తిరగేసింది. "వల గుండ్రంగా పరుచుకోవాలని రాసుందండీ. చెయ్యి ఎంత ఎత్తులో ఉండాలో ఎక్కడా రాయలేదు." కొమురెల్లి పేరు ఎదురుగా టిక్కు పెట్టింది.

కొమురెల్లి వల లాగాడు. రెండు బొచ్చె చేపలు, అరచేయంత రవ్వ చేప ఒకటి. అందులో సగం బురదే. అతను మాత్రం ఆ బురదను కూడా దులపకుండా చూస్తూ నిలబడ్డాడు.

రఘుపతి గట్టు దిగి నీళ్ల దాకా వచ్చాడు. ముఖం ఇంకా గంటు పెట్టుకునే ఉన్నాడు.

"మొగులు పట్టి వానగాలి లేస్తే మా వలలన్నీ తిరగబడతయ్," అన్నాడు చివరికి. "ఎట్లేసినవ్ కాకా? ఇంకోపారి చూపియ్యి."

"తట్ట ఎత్తినవా ఎన్నడన్న?"

"లేదు."

"మరి టైం పడ్తది," అన్నాడు కొమురెల్లి. అప్పుడు నవ్వాడు.

చేపల వేట ఎల్లుండి అన్నారు, పొద్దున ఆరింటికి. ఇంటికొచ్చి, తనకన్నా మూరెడు ఎత్తున్న గుమ్మంలో కొమురెల్లి ఎప్పటిలాగే తల వంచాడు. సారవ్వ చూసి నవ్వుకుంది. చేపల సంచి అందుకుని వంటింట్లోకి పోతుంటే వెనక నుంచి అతని గొంతు వినిపించింది.

"ఏమే, గా గడియారంల సెల్లు వెయ్యాలె."