తొమ్మిదో ఏడు వదిలెయ్యవే మామ్మా

మా చిన్నప్పుడు... కలకత్తా వాట్‌గంజ్‌లో పిల్లలందరూ పుట్టినరోజు కోసం ఎదురుచూసేవారు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడేది. కారణం మా మామ్మ, అంటే మా నాన్న తల్లి.

నాకు హారతి ఇస్తూ మామ్మ ఒక పాట పాడేది. సొంత కవిత్వం. ఏడాదికో చరణం కలిపేది. అందులో ఆ ఏడాది నేను వెలగబెట్టిన ఘనకార్యం ఉండేది...

"ఏడో ఏట మా సిన్ని ట్రామెక్కి ఏడ్సింది... ఎదిగిందమ్మా ఎదిగింది.
ఎనిమిదో ఏట మా సిన్ని సేపముల్లు మింగింది... ఎదిగిందమ్మా ఎదిగింది."

ఇంతవరకూ భరించవచ్చు. తొమ్మిదో ఏట మా సిన్ని పక్క తడిపింది. అదీ అసలు గొడవ.

పదమూడో పుట్టినరోజుకి కొత్త స్కూల్లోని బెంగాలీ స్నేహితురాళ్ళను పిలిచాను. వాళ్ళ దృష్టిలో నేను చాలా గొప్పదాన్ని, డిబేట్లో మాట్లాడేదాన్ని. ఆ పరువు కాస్తా పోతుందని ముందురోజే మామ్మ కాళ్ళు పట్టుకున్నాను.

"మామ్మా, తొమ్మిదో ఏడు వదిలెయ్యవే."

"ఏటే, తొమ్మిది నేకుండా పదెలాగొస్తాదే? నువ్వు ఎనిమిది నుంచి ఎగిరి పదిలో పడ్డావేటి?"

ఇక లాభం లేదనుకున్నాను. అంతలో బుర్ర వెలిగింది... వాళ్ళకి తెలుగు రాదు కదా. హాయిగా నిద్రపోయాను.

మర్నాడు మామ్మ పాట ఎత్తుకుంది. నా స్నేహితురాళ్ళు అదేదో దేవుడి పాట అనుకుని భక్తిగా చేతులు జోడించారు. నాకు లోపల ఒకటే నవ్వు. అప్పుడు పక్కింటి కాకీమా పాయసం గిన్నెతో లోపలికి వచ్చింది.

కాకీమా అంటే బెంగాలీలో పిన్ని, ఆవిడా బెంగాలీయే. మా రెండిళ్ళకీ వరండా ఒకటే. ఏళ్ళ తరబడి ఆ పాట విని విని, మామ్మని అర్థం అడిగి అడిగి ఆవిడకి కంఠతా వచ్చేసింది. చప్పట్లు కొడుతూ మామ్మతో గొంతు కలిపింది. అక్కడితో ఆగితే బాగుండును... పిల్లలు పాపం అర్థం కాక చూస్తున్నారని, చరణం చరణానికీ బెంగాలీలో అర్థం చెప్పడం మొదలుపెట్టింది.

తొమ్మిది దగ్గర నేను గట్టిగా దగ్గాను. కాకీమా నాకు మంచినీళ్ళు ఇచ్చి మరీ చెప్పింది.

నేల చీలితే దూరిపోదామనుకున్నాను. అప్పుడు మిఠూ అనే అమ్మాయి మెల్లగా నోరు విప్పింది. "తొమ్మిదేనా? నేను పదిలో కూడా..."

కాకీమా ఆ పాటలోని మాటలతోనే అది మామ్మకి తెలుగులో చేరవేసింది. మామ్మ హారతి పళ్ళెం దించకుండానే అందుకుంది. "పదో ఏట మా మిఠూ పక్క తడిపింది... ఎదిగిందమ్మా ఎదిగింది." ఆ తరవాత మిగతా పిల్లలు మాకూ, మాకూ అని తమ పరువు తామే తీసుకోవడానికి మామ్మ ముందు వరసకట్టారు.

పెళ్ళయ్యాక నేను ఊరికి ఆ చివరికి వెళ్ళిపోయాను. మామ్మ పోయింది. పాటని ఎవరూ రాసిపెట్టలేదు. మా అమ్మకి సగమే గుర్తుండేది. దాంతో ఆ పాట అయిపోయిందనుకున్నాను.

ఈసారి నా పుట్టినరోజుకి మా అమ్మాయిని తీసుకుని కాకీమాని చూడ్డానికి వెళ్ళాను. ఆవిడ నన్ను గడపలోనే నిలబెట్టి, దీపం వెలిగించి, బోసినోటితో పాట ఎత్తుకుంది. ఒక్క చరణం వదల్లేదు. తొమ్మిదో ఏడు వచ్చేసరికి మా అమ్మాయి నా వంక అదోలా చూసింది.

పదమూడు దాటింది... పాట ఆగలేదు. కాలేజీ ఎగ్గొట్టి గంగ ఒడ్డున తిరగడం, నా పెళ్ళిలో నిద్రపోవడం, అన్నీ వచ్చాయి. మామ్మ పోయాక కూడా, వాళ్ళనీ వీళ్ళనీ నా సంగతులడిగి ఏటేటా చరణం కలుపుతూనే ఉందట. చివరిది ఈ ఏడాదిది... "ఈ ఏడు మా సిన్ని జుట్టుకి రంగేసింది... ఎదిగిందమ్మా ఎదిగింది."

నవ్వబోయి ఏడ్చేశాను. ఇప్పుడు పుట్టినరోజంటే ఫోన్‌లో వంద కేకు బొమ్మలు వస్తాయి. నేను పక్క తడిపానని గుర్తుపెట్టుకున్న మనిషి మాత్రం ఈ ఊళ్ళో ఒక్కతే మిగిలింది... ఆవిడకి తెలుగులో వచ్చింది ఆ పాటే.

మీ పరువు తీసే పాట మీ ఇంట్లో ఎవరు పాడేవారు? తొమ్మిదో ఏడు వదిలెయ్యకుండా చెప్పండి...