దిగిన రోజే మగ్గం ముందు కూర్చోబెట్టారు

కెనడాలో చేనేత ప్రదర్శన ఉందని, వరంగల్ జంపఖానా నేసి చూపించడానికి ఒక మనిషి కావాలని హైదరాబాద్ నుంచి ఆ ఏర్పాట్లు చూసే ఒక సారు కబురు పెట్టాడు. వరంగల్‌లో మా నేతగాళ్ల పేట కొత్తవాడలో అందరూ మా అన్న వీరస్వామి పేరే చెప్పారు. నాకు పని నేర్పింది ఆయనే. కానీ అన్నకు పాస్‌పోర్టు లేదు, నాకుంది.

"నువ్వే పో తమ్మీ. ఇద్దరి పని ఒక్కనివే జెయ్యాలె, జర పైలం" అన్నాడు అన్న.

వెడల్పు జంపఖానా నేసేటప్పుడు మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. మా మగ్గం మీద ఎడమ సగం అన్నది, కుడి సగం నాది. మీసాలు రాకముందు నుంచీ నేను కుడివైపే.

శంషాబాద్‌లో పొద్దున్నే సారూ నేనూ విమానం ఎక్కాం. గల్ఫ్‌లో దిగి, అర్ధరాత్రి దాటేదాకా ఇనుప కుర్చీల్లో నడుం వాల్చలేక అవస్థపడి, రెండో విమానం ఎక్కాం. సారుకు కిటికీ, నాకు మధ్య సీటు. ఇవతలి పక్కన కూర్చున్న పంజాబీ పెద్దాయన అడిగి అడిగి నీళ్లు తాగుతూ, నన్నూ తాగమని సైగ చేశాడు. నేను వినకుండా టీ మీద టీ తాగాను. మీలో ఎవరైనా వెళ్తే ఆయన మాట వినండి. టీ వల్ల ఉన్న కాస్త నిద్రా పోయింది.

దిగేసరికి అక్కడ పొద్దున, కొత్తవాడలో దీపాలు పెట్టే వేళ. గదికి పోయి పడుకుందాం అనుకుంటుంటే సారు టాక్సీని నేరుగా ప్రదర్శన హాలుకే పోనిమ్మన్నాడు.

"సార్, జర నిద్రవోయి వస్త. తల తిరుగుతాంది" అన్నాను.

"ఓపెనింగ్‌కు అందరినీ పిలిచేశాం నరేందర్. విమానంలో అంతసేపు కూర్చునే ఉన్నావు కదా, అలసటేముంది?"

కూర్చోవడానికీ నిద్రపోవడానికీ తేడా లేదనే ఈ మాట తర్వాత ఇంకా చాలామంది నోట విన్నాను. విన్న ప్రతిసారీ ఒళ్లు మండింది. మొహం కడుక్కునే వ్యవధి కూడా ఇవ్వకుండా నన్ను చిన్న మగ్గం ముందు కూర్చోబెట్టారు. కింద నేల ఊగుతున్నట్టుంది. ఎవరేం అడిగినా మాట చెవి దాకా వచ్చి అక్కడే ఆగిపోతోంది. ఎర్ర నూలు ఉండ చేతిలో పట్టుకుని ఎర్ర నూలు కోసమే వెతికాను.

నేయాల్సింది మెట్లు మెట్లుగా ఎక్కి దిగే డైమండ్. చేతులు వాటంతట అవే నడిచాయి. పోగులు దించి ఇనుప పళ్ల పంజాతో కొడుతుంటే జనం ఫొటోలు తీశారు, అయిపోగానే చప్పట్లు కొట్టారు. అప్పుడు చూసుకున్నాను. ఎడమ సగంలో కూడా కుడి సగమే నేశాను. రెండు వైపుల మెట్లూ ఒకే దిక్కుకు పోతున్నాయి, డైమండ్ మూసుకోలేదు. అన్న ఉండాల్సిన చోట కూడా నేనే కూర్చుని ఉన్నాను.

"సార్, తప్పువోయింది. విప్పి మల్ల నేస్త."

"అందరికీ నచ్చిందయ్యా. చేత్తో చేసింది ఇలా ఉంటేనే అందం. ఎవరికి తెలుస్తుంది?"

"కొత్తవాడల తెలుస్తది సార్."

ఆయన నవ్వాడు. సాయంత్రానికి దాన్ని గోడకు తగిలించి, కింద నా పేరు, వరంగల్ పేరు రాసిపెట్టారు. ఆ ఫొటోను సారే మా నేతగాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అందరూ బొటనవేళ్లు పెట్టారు. అన్న చూశాడు, ఏమీ పెట్టలేదు. ఫోన్ చేస్తే వదిన ఎత్తి, "నేస్తాండయ్యా, తర్వాత మాట్లాడ్తడట" అంది. ఆ తర్వాత ఆయన మాట్లాడనూ లేదు. పని నేర్పిన మనిషి దృష్టిలో పనికిరానివాణ్ని అయిపోయానన్న దిగులుతో నాకు అన్నం సహించలేదు.

తల తేటపడడానికి నాలుగు రోజులు పట్టింది. పొద్దున్నే ఎండలో నడవడం, పగలు కన్ను మూతపడుతున్నా పడుకోకపోవడం, ఆకలి లేకున్నా అక్కడి వేళకే తినడం, ఇవే పనికొచ్చాయి. మందేమీ లేదు. తేరుకున్నాక సరైనది నేసి ఇచ్చాను. దాన్ని మడతపెట్టి బల్ల కింద పెట్టారు. గోడ మీద తప్పుదే ఉంది. మళ్లీ అడిగాను. "ఇప్పటికే బ్రోచర్‌లో వేశాం" అన్నాడు సారు. ఒక పూట నిద్ర ఇవ్వలేనివాళ్లు నా పేరు మాత్రం ధారాళంగా వాడుకున్నారు.

ప్రదర్శన ఇంకా ఉందని సారు అక్కడే ఆగాడు. తిరుగు ప్రయాణంలో ఒక్కణ్నే శంషాబాద్‌లో దిగి, బస్సులో సికింద్రాబాద్ వచ్చి, మధ్యాహ్నం రైలు ఎక్కాను. మళ్లీ అదే మైకం. ఆలేరు దాటాక, పాలకుర్తి పోవడానికి జనగామలో దిగాల్సిన ఒక పెద్దమ్మ నా భుజం తట్టింది.

"ఏమైంది కొడుకా, గట్ల ఊగుతానవ్? పానం బాగలేదా?"

సంగతి చెప్పాను. ఎదుటి సీటాయన కాలు మీద కాలేసుకుని, "విమానంల కూసునుడే గదా, బస్తాలు మోసినవా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే పెద్దమ్మ అందుకుంది. "నిద్ర లేకుంటె మనిషి మనిషేనా అయ్యా? నాట్లప్పుడు మూడొద్దులు నిద్రలేక నేను కూరల ఉప్పుకు బదులు చక్కెర ఏసిన." నాకు ఒక బత్తాయి ఒలిచి ఇచ్చి, వరంగల్ దాకా పడుకోవద్దని చెప్పి దిగిపోయింది. ఈ యాత్ర మొత్తంలో నా అలసటను నమ్మిన మొదటి మనిషి ఆమె.

వరంగల్ స్టేషన్ బయట అన్న నిలబడి ఉన్నాడు. నేను వచ్చే రైలు వదినకు చెప్పి ఉంచాను గానీ, ఆయన వస్తాడనుకోలేదు. ఆయన నా సంచి తీసుకుని ఆటో వైపు నాలుగడుగులు వేసి ఆగాడు.

"నా దిక్కు గూడ నీ దిక్కే నేసినవ్."

"తప్పయిందన్నా."

"నువ్వు గంత తప్పు నేసెటోనివి గాదు. ఏమైందో నీ నోటితోనే ఇందామని ఫోన్ల అడుగలే. ఆ రోజు నిద్రవోయినవా?"

"లేదన్నా. దిగంగనే కూసోవెట్టిండ్రు."

వారం రోజులుగా దాచుకున్న ఏడుపు అక్కడ, ఆటోల మధ్య, ఆపుకోలేకపోయాను. ఎప్పుడూ గొంతు పెంచని అన్న సంచి కింద పెట్టి, ఆ సారు నంబరు కలిపి ఇవ్వమన్నాడు. ఇచ్చాను.

"సార్, నేను నరేందరోల్ల అన్నను. గోడ మీదిది దించుండ్రి. దించకుంటె మావోని పేరన్న తియ్యుండ్రి. నిద్రలేనోన్ని కూసోవెట్టి నేయించింది మీరు, దాని కింద మీ పేరు రాసుకోండ్రి."